కంచె వేరు, తాళం వేరు



ఈ నెల నేనొక ఎక్సెల్ పట్టికను గురించి రాయదలచాను. హదీసు, ఫిఖ్హ్ బోధించుకునే మౌల్వీకి కంప్యూటరు పట్టికలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. అటువంటి ఒక పట్టిక వల్ల మా ఊరిలో ఒక ఇల్లాలి గుట్టు నలుగురిలో బయటపడింది. ఆ తప్పులో నాకూ భాగమున్నది. మీ మస్జిదులలో, మీ సంఘాలలో కూడా ఇప్పుడు లెక్కలు కాగితం మీద నుండి కంప్యూటరులోకి వెళ్తున్నాయి. మాకు జరిగినది మీకు జరగకూడదన్న ఉద్దేశంతోనే ఈ మాటలు.

మాది గోదావరిఖని. సింగరేణి గనులే ఈ ఊరికి ప్రాణం. మూడు షిఫ్టులలో మనుషులు పనికి వెళ్తుంటారు, వస్తుంటారు. బతుకుదెరువు కోసం నానా ఊళ్ల నుండి వచ్చినవారంతా క్వార్టర్ల వరుసలలో గోడకు గోడ ఆనుకొని జీవిస్తున్నారు. ఒక ఇంటి మాట పక్క ఇంటికి వినబడకుండా ఉండటం కష్టం. కనుక ఇక్కడ లేమి కన్నా లేమి బయటపడటమే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది.

మేము కొందరం కలిసి ఒక చిన్న బైతుల్ మాల్ నడుపుతున్నాము. రమజానులో వచ్చే జకాత్, ఫిత్రా సొమ్ము, నెలనెలా వచ్చే సదఖాలు, గని కార్మికులు లాభాల వాటా అందుకున్నప్పుడు తీసి ఇచ్చే కొంత మొత్తం, ఇవే దాని రాబడి. వితంతువులకు, అనాథలకు, మందులు కొనలేని రోగులకు నెలకు ఇంతని ఇస్తాము. చాలా ఏళ్లు ఈ లెక్క ఒక పొడుగాటి రిజిస్టరులో ఉండేది. అది ఒక్కరి బీరువాలో ఉండేది కనుక చూసేవారు తక్కువ. తరువాత నా శిష్యుడొకడు, గని కార్మికుని కుమారుడు, కంప్యూటరు చదువు చదివినవాడు, దానిని ఎక్సెల్‌లోకి మార్చాడు. మేము సంతోషించాము.

పట్టిక ఎలా ఉండాలో చెప్పింది నేనే. ఎడమ వైపు ఆరు నిలువు వరుసలలో, అంటే ఎ నుండి ఎఫ్ వరకు, తేదీ, రాబడి, ఖర్చు, నిల్వ వంటివి. అదే షీటులో కుడి వైపున ఖర్చు ఎవరికి జరిగిందో వారి పేరు, ఇంటి నంబరు, ఫోను, చివరన ‘కారణం’. కారణం వివరంగా రాయమని పట్టుబట్టింది కూడా నేనే. జకాత్ సొమ్ము అర్హులకే చేరిందని రేపు అల్లాహ్ సన్నిధిలో సమాధానం చెప్పుకోవాలి కదా అన్నది నా వాదన. వాదన సరైనదే. దానిని అమలు చేసిన తీరులో పొరపాటున్నది.

ఒక సంవత్సరం రమజాను తరువాత లెక్కలు వినిపించే సభ జరిగింది. దాదాపు నలభై మంది వచ్చారు. ల్యాప్‌టాప్‌ను గోడకున్న పెద్ద టీవీకి కలిపి పట్టిక చూపిస్తున్నాము. ఎవరో ఒక ఖర్చును గురించి ప్రశ్నించారు. ఆ అంకె కోసం వెదుకుతూ శిష్యుడు మౌస్ కదిపాడు. పట్టిక కుడి పక్కకు జారింది. పది క్షణాలకు మించి ఉండదు. కాని పేర్లూ కారణాలూ తెర మీద పెద్ద అక్షరాలలో నిలిచాయి. అందులో ఒక వితంతువు పేరు ఎదుట ‘కుమారుడు పోషించుట లేదు’ అని ఉన్నది.

ఆ కుమారునికి తండ్రి ఉద్యోగమే వచ్చింది. తండ్రి పోయిన తరువాత వారసత్వంగా గనిలో చేరి, పెళ్లి చేసుకొని, వేరు కాపురం పెట్టాడు. ఆ తల్లి ఈ మాట తన పుట్టింటివారికి కూడా చెప్పుకోలేదు. సభలో కూర్చున్నవారిలో ఆమె తమ్ముడున్నాడు. అతను లేచి నా దగ్గరకు వచ్చి, “హజ్రత్, అది మా ఆపా పేరేనా?” అని మాత్రం అడిగాడు. నేను తల వంచుకున్నాను. ఆ రాత్రి అతను మేనల్లుని క్వార్టరుకు వెళ్లి గట్టిగా కేకలు వేశాడట. ఆ వరుసలోని ఇళ్లన్నీ విన్నాయి. మరుసటి నెల నుండి ఆ సోదరి మా సహాయం తీసుకోవటం మానేసింది.

దివ్య ఖుర్ఆన్ నిజమైన అవసరపరులను వర్ణించిన తీరు చూడండి. వారి ఆత్మాభిమానం కారణంగా, ఎరుగనివారు వారిని కలవారుగా భావిస్తారని, వారు ప్రజలను పట్టుకొని యాచించరని బఖర సూరా 273వ ఆయతు తెలుపుతున్నది. అంతకు కొద్దిగా ముందు, 271వ ఆయతులో, దానాలను బహిరంగంగా ఇవ్వటం మంచిదే అయినా, గోప్యంగా పేదలకు అందజేయటం మరింత మేలని బోధన ఉన్నది. ఇమామ్ జైనుల్ ఆబిదీన్ (రహ్మ) రాత్రి చీకటిలో పిండి మూటలు మోసుకువెళ్లి మదీనాలోని పేదల వాకిళ్లలో ఉంచేవారని, ఆయన మరణం తరువాత ఆ మూటలు రావటం ఆగినప్పుడే ఆ చేయి ఎవరిదో జనానికి తెలిసిందని చరిత్రకారులు రాశారు. ఆ మహనీయుడు ఇచ్చే చేతిని కూడా దాచుకున్నారు. మేము తీసుకునే చేతిని టీవీలో చూపించాము.

వారం తరువాత శిష్యుడు నా గదికి వచ్చాడు. వాడి ముఖం వాడిపోయి ఉన్నది. “ఉస్తాద్, ఇక మీదట పట్టిక జారకుండా చేస్తాను. దానికి హద్దు పెట్టే ఏర్పాటు ఎక్సెల్‌లోనే ఉన్నది” అన్నాడు. వాడు చేసి చూపినది ఏమిటో, మీలో లెక్కలు రాసేవారికి ఉపయోగపడుతుందని వివరిస్తున్నాను.

ఎక్సెల్‌లో ఒక్కొక్క షీటు మనం అనుకునే దాని కంటే ఎంతో విశాలమైనది. 2007 నాటి ఎక్సెల్ నుండి ఒక షీటులో 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలు ఉంటున్నాయి. అంతకు ముందు 65,536 అడ్డు వరుసలు, 256 నిలువు వరుసలు ఉండేవి. అంత మైదానంలో మనకు కావలసినది ఒక మూల మాత్రమే. ఆ మూల దాటి చూపు జారకుండా చేసే గుణానికి ‘స్క్రోల్ ఏరియా’ అని పేరు. ప్రతి షీటుకూ ఈ గుణం విడివిడిగా ఉంటుంది. కనుక కోరిన షీట్లకే హద్దు పెట్టి మిగిలినవాటిని స్వేచ్ఛగా వదలవచ్చు.

చేసే విధానం ఇది. ఎక్సెల్ తెరచి ఆల్ట్ మీట, ఎఫ్11 మీట కలిపి నొక్కితే మాక్రోలు రాసే కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ ఎడమ వైపు జాబితాలో ‘దిస్ వర్క్‌బుక్’ అనే పేరు మీద రెండుసార్లు నొక్కాలి. వచ్చిన తెల్లని పేజీకి పైన రెండు చిన్న జాబితాలుంటాయి. మొదటి దానిలో ‘వర్క్‌బుక్’ ఎంచుకుంటే, ఫైలు తెరిచినప్పుడల్లా నడిచే మాక్రోకు మొదటి వాక్యం, చివరి వాక్యం వాటంతట అవే వస్తాయి. ఆ రెంటి నడుమ, హద్దు కావలసిన ఒక్కొక్క షీటుకు ఒక్కొక్క వాక్యం రాయాలి. ముందు షీటును సూచించే పేరు, తరువాత చుక్క, చుక్క వెంటనే ఎడం లేకుండా ‘స్క్రోల్‌ఏరియా’ అనే మాట, సమాన చిహ్నం, ఆపైన కొటేషను గుర్తుల నడుమ హద్దు. ఆ హద్దును ‘ఎ1’, రెండు చుక్కల గుర్తు, ‘ఎఫ్40’ అని రాస్తే, ఎ నుండి ఎఫ్ వరకు నిలువు వరుసలు, ఒకటి నుండి నలభై వరకు అడ్డు వరుసలు మాత్రమే కదలికకు దొరుకుతాయి. ఆవలి గడులను మౌస్‌తో నొక్కినా, బాణపు మీటలతో వెళ్లబోయినా కర్సరు అక్కడికి పోదు. ఈ వాక్యాలన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి. ఇక్కడ పలుకుబడి మాత్రమే ఇచ్చాను.

తెలుగువారికి ఇందులో ఒక చిక్కున్నది. ఎక్సెల్ షీట్లకు తెలుగులో పేర్లు చక్కగా పెట్టుకోవచ్చు. కాని మాక్రో రాసే కిటికీకి తెలుగు లిపి రాదు. అక్కడ ‘కుటుంబాలు’ అని రాయబోతే ప్రశ్నార్థకాల వరుస కనిపిస్తుంది. అందువల్ల షీటుకు ఎక్సెల్ లోపల ఉన్న అసలు పేరుతో, అంటే ‘షీట్1’, ‘షీట్2’ అనే పేర్లతో పిలవాలి. పై పేరు తెలుగులోనే ఉంచుకోవచ్చు. ఎడమ వైపు జాబితాలో రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. అసలు పేరు ముందు, పై పేరు బ్రాకెట్లలో ఉంటుంది.

హద్దు ఎప్పుడూ ఒకే దీర్ఘచతురస్రంగా ఉండాలి. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క కుదరదు. హద్దు తొలగించాలంటే కొటేషను గుర్తుల నడుమ ఏమీ రాయకుండా ఖాళీగా వదలాలి. పని పూర్తయ్యాక ఫైలును మామూలు ఎక్సెల్ ఫైలుగా కాక, ‘మాక్రో ఎనేబుల్డ్ వర్క్‌బుక్’ అనే రకంగా భద్రపరచాలి. లేకపోతే రాసిన మాక్రో ఫైలులో మిగలదు.

ఏ షీటుకు హద్దు పెట్టాలి, దేనికి పెట్టకూడదు అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. మా శిష్యుడు ఉత్సాహంతో రసీదుల షీటుకు కూడా రెండు వందల అడ్డు వరుసల హద్దు పెట్టాడు. రెండు వందలు నిండిన తరువాత వచ్చిన రసీదును రాయబోతే కర్సరు కదలలేదు. రాసే కుర్రవాడు కంప్యూటరు చెడిపోయిందని భయపడి రసీదు సొమ్మును చీటీ మీద రాసి జేబులో వేసుకున్నాడు. ఆ చీటీ దొరికింది, అల్ హందులిల్లాహ్. కాని అవసరం లేని చోట కట్టిన హద్దు మనిషిని పక్కదారి పట్టిస్తుందని అర్థమైంది. చూపించే షీట్లకే హద్దు ఉంచి, రాసుకునే షీటును వదిలేశాము. తప్పనిసరైతే, ఫైలు తెరిచిన ప్రతిసారీ చివరి నిండిన వరుస ఏదో వెదికి, దానికి మరికొన్ని ఖాళీ వరుసలు కలిపి హద్దు కట్టేలా మాక్రో రాయవచ్చు.

ఇంత వరకు విని నాకు ఎంతో తృప్తి కలిగింది. నాకు వెంటనే హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు గుర్తుకు వచ్చింది. ధర్మసమ్మతమైనది స్పష్టం, నిషిద్ధం స్పష్టం, రెంటి నడుమ అస్పష్టమైన విషయాలున్నాయని దైవప్రవక్త (స) బోధిస్తూ, రాజుగారి రక్షిత పచ్చిక అంచున మందను మేపే కాపరి ఏ క్షణాన్నైనా అందులోకి జారిపోవచ్చునని ఉపమానం చెప్పారు. ఖుర్ఆన్‌లో కూడా అల్లాహ్ హద్దులను గురించి ఒక చోట వాటిని దాటకండి అని (2:229), మరొక చోట వాటి దరిదాపులకు కూడా పోకండి అని (2:187) ఉన్నది. మా పట్టికలో జరిగినదీ అదే. శిష్యుడు గుట్టు చూపాలని చూపలేదు. అంచున తిరుగుతూ జారిపోయాడు. కనుక అంచుకు కొంత ఇవతలే కంచె వేయటం వివేకమే.

మా మస్జిదుకు నమాజుకు వచ్చే పెద్దాయన ఒకరున్నారు. గనిలో సర్దారుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. ఈ సంగతి ఆయనకు చెబితే ఒక ప్రశ్న వేశారు: “మౌల్వీసాబ్, ఆ కంచె రేపు పొద్దున కూడా ఉంటుందా?” సర్దారు పని ఏమిటో బొగ్గు గనుల వారికి తెలుసు. షిఫ్టు మొదలయ్యే ముందు పని స్థలాలన్నీ తిరిగి చూడాలి. పైకప్పు బాగాలేని చోట, బొగ్గు తీసి వదిలేసిన చోట మనుషులు పోకుండా కంచె కట్టించాలి. నిన్న కట్టినది ఈ రోజు ఉన్నదో లేదో మళ్లీ చూడాలి. కంచె ఉన్నదన్న నమ్మకంతో చూడటం మానేసిన రోజే ప్రమాదం జరుగుతుందని ఆయన అంటారు.

ఆయన ప్రశ్నకు జవాబు నన్ను ఆశ్చర్యపరచింది. ఈ స్క్రోల్ ఏరియా అనే హద్దు ఫైలుతో పాటు భద్రపడదు. ఫైలు మూసిన వెంటనే అది మాసిపోతుంది. మళ్లీ తెరిచినప్పుడు మళ్లీ కట్టాలి. తెరిచే వేళ నడిచే మాక్రో రాయించింది అందుకే. అయితే ఫైలు తెరిచినవారు మాక్రోలను అనుమతించకపోతే ఆ మాక్రో నడవదు, హద్దు ఉండదు. ఫోనులోని ఎక్సెల్‌లో ఇటువంటి మాక్రోలు అసలే నడవవు. ఇంటర్నెట్ నుండి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ సంస్థ 2022 నుండి మామూలుగా అడ్డుకుంటున్నది. మాక్రోల చాటున వైరసులు వస్తాయి కనుక ఆ జాగ్రత్త సబబే. కాని ఈమెయిలులో పంపిన మన ఫైలుకు కూడా అదే వర్తించి, అవతలివారు హద్దు లేని పట్టికనే చూసే అవకాశమున్నది.

అంతటితో ముగియలేదు. తరువాతి సభకు ముందు రోజు అదే హాలులో, అదే టీవీ మీద పరీక్షించి చూశాము. శిష్యుని ల్యాప్‌టాప్‌లో ఎఫ్ వరుస దగ్గర తెర అయిపోతున్నది. పెద్ద టీవీకి మార్చి అక్షరాలు తగ్గించగానే ఎఫ్ తరువాత జి, హెచ్ కూడా తెర మీదకు వచ్చి కూర్చున్నాయి. కర్సరు మాత్రం అక్కడికి పోవటం లేదు. కాని కళ్లు పోతున్నాయి! ఈ హద్దు నడకను ఆపుతుంది గాని చూపును ఆపదని అప్పుడు తెలిసింది. తెర ఎంత వెడల్పుగా ఉంటే అంత మేరకు ఆవలి గడులు కనిపిస్తూనే ఉంటాయి. అంతే కాదు, వేరొక షీటులో ఒక చిన్న సూత్రం రాస్తే హద్దు ఆవలి గడిలోని విషయాన్ని ఇక్కడికి రప్పించవచ్చు. కాగితం మీద అచ్చు తీసేటప్పుడు కూడా ఈ హద్దు అడ్డు రాదు. అచ్చు హద్దును వేరుగా నిర్ణయించాలి.

హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఇక్కడ ఎంతో తగినది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గృహంలోకి ఒక రంధ్రం గుండా తొంగి చూశాడు. ఆ మహనీయులు తీవ్రంగా అసంతృప్తి చెంది, ఇంట ప్రవేశానికి అనుమతి కోరాలన్న నియమం అసలు చూపు కోసమే విధించబడిందని సెలవిచ్చారు. అతను గడప దాటలేదు. కాలు బయటే ఉన్నది. అయినా హద్దు మీరినట్టే. మా టీవీ మీద జరగబోయినదీ ఇదే. కాలికి కంచె వేసి, కంటికి కిటికీ తెరిచి ఉంచాము.

కంచెను తాళమని నమ్మితే ఏమి జరుగుతుందో లోకానికి తెలిపిన ఒక పెద్ద ఉదంతమున్నది. 2023 ఆగస్టు 8న ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ, సమాచార హక్కు కింద వచ్చిన ఒక అర్జీకి జవాబుగా ఒక పట్టికను విడుదల చేసింది. ఏ హోదాలో ఎంతమంది ఉన్నారన్నదే ప్రశ్న. జవాబులో అంకెలు మాత్రమే ఉండవలసింది. కాని అదే ఫైలులో కనబడకుండా దాచిన మరొక షీటు మిగిలిపోయింది. అందులో 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు ఉన్నాయి. పోలీసులకు ప్రాణాపాయమున్న ఆ దేశంలో అది ఎంత ప్రమాదమో ఊహించండి. ఆ ఫైలు కొన్ని గంటలు మాత్రమే అందరికీ అందుబాటులో ఉన్నది. అయినా ఎందరో భయంతో బతకవలసి వచ్చింది. 2024లో అక్కడి సమాచార రక్షణ కార్యాలయం ఆ శాఖకు ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా విధించింది. అక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు. దాచిన షీటు కనబడటం లేదు కనుక లేదనుకున్నారు, అంతే.

కనుక పాఠకులారా, రెండు మాటలను వేరుగా గుర్తుంచుకోవాలి. కంచె మంచివారిని పొరపాటు నుండి కాపాడుతుంది. తాళం దాచవలసిన దానిని అందరి నుండి కాపాడుతుంది. స్క్రోల్ ఏరియా కంచె. వరుసలను, షీట్లను దాచటమూ కంచే. షీటుకు పెట్టే పాస్‌వర్డు కూడా కొంచెం గట్టి కంచె మాత్రమే, తెలిసినవారు దానిని విప్పగలరు. ఫైలు మొత్తాన్ని తెరవటానికే పాస్‌వర్డు పెట్టి సంకేత లిపిలోకి మార్చటం తాళం. ఎక్సెల్‌లో ‘ఫైల్’, ‘ఇన్ఫో’, ‘ప్రొటెక్ట్ వర్క్‌బుక్’ అన్న చోట ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’ అని ఉంటుంది. ఆ పాస్‌వర్డు మరిచిపోతే మైక్రోసాఫ్ట్‌వారు కూడా తెరిచి ఇవ్వలేరు. కాబట్టి దానిని రాసి, కవరులో సీలు వేసి, ఇద్దరు నమ్మకస్తుల ఎరుకలో ఉంచాలి.

మేము చివరకు చేసినది ఇది. పేర్లున్న భాగాన్ని లెక్కల ఫైలు నుండి పూర్తిగా తీసి వేరే ఫైలులో పెట్టాము. దానికి తాళం వేశాము. సభలో చూపించే ఫైలులో పేరంటూ లేదు. ఆ ఫైలుకే, చూపించే రెండు షీట్లకు, స్క్రోల్ ఏరియా కంచె కట్టాము. హద్దు ఆవలి వరుసలు ఖాళీగా ఉన్నాయి, వాటిని దాచి కూడా ఉంచాము. ఇప్పుడు కంచె తెగినా ఆవల బయటపడటానికి ఏమీ లేదు. లెక్క వివరించేవాడు తడబడకుండా, అందరి చూపూ చూడవలసిన అంకెల మీదే నిలవటానికి అది ఉపయోగపడుతున్నది. ఆ పనికి అది చాలా మంచి పరికరం.

ఇక నా వాదన సంగతి. కారణం రాయకపోతే అర్హత ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు ఖుర్ఆన్‌లోనే ఉన్నది, నేనే చదువుతూ గమనించలేదు. తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను అల్లాహ్ పేర్కొన్నాడు. నిరుపేదలు, అవసరపరులు, రుణగ్రస్తులు, బాటసారులు మొదలైనవారు. లెక్కకు కావలసినది ఆ వర్గం పేరు ఒక్కటే. విచారణ చేసినవారు ఆ కుటుంబం ఏ వర్గానికి చెందుతుందో నిర్ణయించి సంతకం చేస్తే చాలు. కొడుకు ఏమి చేశాడు, భర్త ఏమి తాగాడు, కూతురు ఎందుకు పుట్టింటికి వచ్చింది అన్నవి మన విచారణలో తెలిసినా, పట్టికలోకి ఎక్కవలసిన పని లేదు. బఖర సూరా 282వ ఆయతు అప్పు పత్రం రాయమని, న్యాయంగా రాయమని ఆదేశించింది. హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనలో దీవాన్ అనే పద్దుల విధానం ఏర్పరచి పేర్లు, భత్యాలు రాయించారు. రాయటం మన సంప్రదాయమే. కాని ఆ పద్దులు హక్కులు ఇవ్వటానికి రాసినవి, గుట్టు నిల్వ చేయటానికి కాదు. రాయని రహస్యాన్ని ఏ మౌసూ బయటపెట్టలేదు. అన్నిటికన్నా మంచి హద్దు కలం దగ్గరే ఉన్నది.

ఆ సోదరి ఏమైందని మీరు అడుగుతారు. నేను క్షమాపణ చెప్పుకోవలసి ఉన్నది. ఇద్దత్ గడిచిపోయి ఏళ్లయినా ఒంటరిగా ఉన్న స్త్రీ ఇంటికి నేను వెళ్లటం తగదు కనుక నా భార్యను పంపాను. మొదటిసారి ఆమె తలుపు తీసి, టీ ఇచ్చి, ఈ మాట మాత్రం ఎత్తనివ్వలేదు. మూడవసారి తానే మాట్లాడిందట. “మా ఆయన బాయిలోకి దిగినన్నాళ్లూ ల్యాంపు రూములో నంబరు చెప్పి దీపం తెచ్చుకున్నాడు. మీ పుస్తకంలో నాకు కూడా ఒక నంబరు ఇవ్వండి ఆపా. పేరు వద్దు” అన్నదట.

నా భార్య వచ్చి ఈ మాట చెప్పినప్పుడు చాలాసేపు నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్లు ఇంత ఫిఖ్హ్ చదివి నాకు తోచని పరిష్కారం ఆ ఇల్లాలికి తోచింది. ఇప్పుడు మా పట్టికలో పేర్లు లేవు, నంబర్లున్నాయి. ఏ నంబరు ఎవరిదో తాళం వేసిన ఫైలులో ఉన్నది. అది ఇద్దరికే తెలుసు. నాకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరిక కూడా లేదు. ఆ సోదరి సహాయం తీసుకుంటున్నదో లేదో కూడా నేను అడగలేదు.

మీ మస్జిదు కమిటీలో, మహల్లా సంఘంలో, బడిలో ఎక్కడైనా ఇతరుల వివరాలున్న పట్టిక మీ చేతిలో ఉంటే ఈ నెలలో ఒక పని చేయండి. దానిని తెరచి కుడి వైపు చివరి వరకు, కింది వైపు చివరి వరకు వెళ్లి చూడండి. దాచిన వరుసలుంటే బయటకు తీసి చూడండి. ప్రతి గడి ముందు ఆగి, ఇది మనకు నిజంగా అవసరమా అని ప్రశ్నించుకోండి. అవసరం లేనిది తొలగించండి. అవసరమైనది, అందరూ చూడకూడనిది వేరుచేసి తాళం వేయండి. ఆ తరువాతే కంచె కట్టండి. కట్టినది నిలిచి ఉన్నదో లేదో సభకు ముందు, అదే తెర మీద, ఆ సర్దారు పెద్దాయనలా మరొకసారి చూసుకోండి.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తున్నది. సొమ్ము ఒక్కటే అమానతు కాదు. చేయి చాచినవారు మన చేతిలో తమ గౌరవాన్ని కూడా పెట్టి వెళ్తారు. సాటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచినవాని లోపాలను అల్లాహ్ కప్పి ఉంచుతాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ప్రళయ దినాన మన పట్టికలు కూడా తెరుచుకుంటాయి. వాటిలో ఒక మూలను మాత్రమే చూపి మిగిలిన దానిని దాచే మాక్రో మన దగ్గర లేదు. ఇక్కడ ఇతరుల గుట్టును కాపాడినవారి గుట్టును అక్కడ కాపాడమని, తెలియక మేము చేసిన తప్పును మన్నించమని కరుణామయుడైన అల్లాహ్‌ను వేడుకుంటున్నాను. ఆమీన్.